ముక్క తీసే ముందే చెప్పండి: డంజియన్ మాస్టర్లకు బహిరంగ లేఖ



హైదరాబాద్ కెఫేల్లో ఆడించేవాళ్లకీ, బెంగళూరులో ఆదివారం మధ్యాహ్నం ఫ్లాట్‌లో నలుగురిని కూర్చోబెట్టుకునేవాళ్లకీ, డాలస్‌లో పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచేవాళ్లకీ కలిపే రాస్తున్నాను. మీలో చాలామంది ఒక వస్తువును మీ ఆట గడప తొక్కనివ్వరు. అదే డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ అనే మంత్రాల పేక. "అదొక్కటి తప్ప ఇంకేదైనా అడగండి" అంటారు. ఇంకొందరు క్యాంపెయిన్, అంటే నెలల తరబడి నడిచిన కథ, ఎలాగూ ముగుస్తోంది కదా అని ఆఖరి రోజున సరదాకి దాన్ని బల్ల మీద పడేస్తారు. మూడో రకం వాళ్ల మీదే నాకు ఎక్కువ కోపం. వాళ్లు పేక తెస్తారు, ఆటగాడి చేత ముక్క తీయిస్తారు, ఆ తర్వాత తమ ముందు నిలబెట్టుకున్న స్క్రీన్ వెనక ఆ ముక్కను మార్చేస్తారు.

ముగ్గురికీ నా మనవి ఒకటే. ఆ పేకను రానివ్వండి. పడ్డ ముక్కను పడ్డట్టే ఉంచండి. కాకపోతే, ఎవరైనా చెయ్యి చాచే ముందే అందులో ఏమేం ఉన్నాయో అందరికీ వినబడేలా చదివి చెప్పండి.

ఈ ఆట తెలియకుండా ఉత్తరం చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. నలుగురైదుగురు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. డంజియన్ మాస్టర్ కథ నడుపుతూ మిగతా లోకమంతా తానే అవుతాడు. ఎటూ తేలని విషయాన్ని డైస్ తేలుస్తుంది. ఆ మరుసటి ఏడాదే, 1975లో, గైగాక్స్, రాబ్ కుంట్జ్ కలిసి రాసిన 'గ్రేహాక్' అనే అనుబంధంలో, తీసిన ముక్కను బట్టి వరమో శాపమో తగిలే ఈ మంత్రాల పేక కనిపించింది. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది, నియమాలు ఎన్నోసార్లు తిరగరాశారు, పేక మాత్రం పోలేదు. 2023లో దాని మీదే ఒక పెద్ద పుస్తకం, 66 కార్డులు కలిపి ఒక సెట్ ప్రకటించారు. ఇంత ఆదరణ ఉన్న వస్తువును సగం మంది మాస్టర్లు పామును చూసినట్టు చూడటం విచిత్రమే.

నేను చెప్పబోయే లెక్కలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. మన దగ్గర చాలామంది ఆడటం నేర్చుకున్నది దానితోనే.

పేక దొరికితే నూటికి 75 పాళ్లు అందులో 13 ముక్కలే ఉంటాయి. మిగతా 25 పాళ్లు 22 ముక్కల పూర్తి పేక. ప్రతి ముక్కకీ మామూలు పేకలో ఒక జోడీ ఉంది కాబట్టి ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. సంక్రాంతికి అటక మీంచి దించే పేక చాలు. డైమను రాజు పడితే సన్, డైమను రాణి పడితే మూన్. ఆఠీను ఆసు ఫేట్స్, ఆఠీను రాజు త్రోన్. కళావరు రాజు వాయిడ్, కళావరు జాకీ స్కల్. ఇస్పేటు రాజు రూయిన్, ఇస్పేటు ఆసు డాన్జన్. జోకర్లు రెండూ ఫూల్, జెస్టర్. ఫూల్ తప్ప చెడ్డ ముక్కలన్నీ నల్లవాటిలోనే ఉన్నాయని ఈపాటికి గమనించే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లు బల్ల మీద ముక్కలు చూసి "ఏరా, పేకాటా?" అంటే మాత్రం జవాబు మీరే వెతుక్కోండి. డబ్బు పెట్టడం లేదని చెప్పినా మా ఇంట్లో నమ్మలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పదమూడు ముక్కల పేకలో మంచివి ఏడు, చెడ్డవి ఆరు. ఇరవై రెండులో మంచివి పదకొండు, చెడ్డవి పది. ఒకటి, బ్యాలెన్స్, మనిషి స్వభావాన్నే తిప్పేస్తుంది. దాన్ని మంచి అనాలో చెడు అనాలో ఆడేవాడి మనసును బట్టి. అంటే ఇది విషం కలిపిన పాయసం కాదు. తీసేవాడికి రవ్వంత అనుకూలంగానే ఉన్న పందెం. పైగా తీసిన ముక్క మాయమై మళ్లీ పేకలోకే వస్తుంది, ఫూల్, జెస్టర్ తప్ప. కాబట్టి రెండోసారి తీసినా దాదాపు అవే అవకాశాలు.

దీన్ని నిజంగా ప్రమాదకరం చేసేది ఇంకో నియమం. తీయబోయే ముందు ఎన్ని ముక్కలు తీస్తావో నోటితో చెప్పాలి. చెప్పాక వెనక్కి తగ్గడానికి లేదు. ఒకటి తీసిన గంటలోపు రెండోది తీయాలి. తీయకపోతే మిగిలినవి వాటంతట అవే పేకలోంచి ఎగిరొచ్చి ఒక్కసారిగా పనిచేస్తాయి. "మూడు" అని నోరు జారినవాడికి 22 ముక్కల పేకలో ఆత్మను లాగేసే వాయిడ్ గానీ మనిషినే మాయం చేసే డాన్జన్ గానీ తగిలే అవకాశం సుమారు 25 శాతం. పదమూడు ముక్కల పేకలో డాన్జన్ లేదు, వాయిడ్ ఒక్కటే. అయినా మూడుసార్లలో అది తగిలే అవకాశం 21 శాతం దాకా ఉంది. ఒక్క ముక్కతో ఆగితే ఎనిమిది శాతం కూడా లేదు. "ఒకటి" అనడానికీ "మూడు" అనడానికీ మధ్య ఇంత దూరం ఉందని ఆటగాడికి తెలియకపోతే అతను పందెం కాసినట్టు ఎలా అవుతుంది? గుడ్డిగా రోడ్డు దాటినట్టు అవుతుంది.

చాలామంది మాస్టర్లు ఇక్కడే అడ్డం పడతారు. ముందే చెప్పేస్తే మజా ఏముంది, ఏమొస్తుందో తెలియకపోవడమే కదా ఆ వస్తువు సొగసు అంటారు. నాకు ఆ వాదన ఎక్కలేదు. ఏ ముక్క వస్తుందో తెలియకపోవడం వేరు, ఏ ముక్కలున్నాయో తెలియకపోవడం వేరు. రమ్మీ ఆడేవాడికి పేకలో 52 ముక్కలూ తెలుసు. జోకరు ఏదో కూడా తెలుసు. అయినా చేతిలోకి ముక్క రాగానే గుండె కొట్టుకుంటుంది. నిజానికి తెలిసినవాడికే ఎక్కువ కొట్టుకుంటుంది. వాయిడ్ అంటే ఏమిటో తెలియనివాడు కళావరు రాజును చూసి "అయితే ఏంటి?" అంటాడు. తెలిసినవాడు ముక్క తిరగేయకుండా ఒక నిమిషం కూర్చుంటాడు. ఆ నిమిషం కోసమే గదా ఈ పేకను ఆటలోకి తెచ్చేది.

కథ చెడకుండా చెప్పాలనుకుంటే కథలోనే చెప్పించండి. సత్రంలో ఒక ముసలి జూదరి ఉండవచ్చు. ఒకప్పుడు తన దగ్గరా ఆ పేక ఉండేదనీ, అన్న ఒకడు చెయ్యి పెట్టి కట్టుబట్టలు అక్కడే వదిలి మాయమైపోయాడనీ ఆయన చెబుతాడు. డాన్జన్ చేసేది అచ్చంగా అదే. మనిషి అంతర్ధానమై ఏదో లోకంలోని గోళంలో నిద్రలాంటి స్థితిలో బందీ అవుతాడు, ఒంటిమీది సామానంతా ఉన్నచోటే కుప్పగా పడి ఉంటుంది. పాత గ్రంథంలో చిరిగిన పుట దొరికిందనండి, దేవాలయం గోడ మీద ఇరవై రెండు బొమ్మలు చెక్కి ఉన్నాయనండి, మీ ఇష్టం. ఆటగాళ్లకు తెలియడం ముఖ్యం.

మన జానపద సినిమాల్లో మాయవస్తువు ఎప్పుడూ విధేయంగానే ఉంటుంది. 1951 నాటి 'పాతాళభైరవి'లో ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. తోటరాముడి చేతిలో ఉంటే మేడ కడుతుంది, మాంత్రికుడి చేతికి చిక్కితే అదే మేడను మోసుకుపోతుంది. అక్కడ పేచీ అంతా వస్తువు ఎవరి చేతిలో ఉందన్నదే. డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ ఎవరి మాటా వినదు. మాస్టర్ మాట కూడా వినదు. నిజం చెప్పాలంటే మీ భయం అదే. ఆటగాడి పాత్ర ఏమైపోతుందోనని కాదు, ఆర్నెల్లుగా మీరు రాసుకున్న కథ ఏమైపోతుందోనని.

ఎందుకంటే అనూహ్యంగా ప్రవర్తించే వస్తువులు మీ ఆటల్లో ఇంకా ఉన్నాయి, వాటితో మీకు ఏ ఇబ్బందీ లేదు. వాండ్ ఆఫ్ వండర్ సంగతే చూడండి. శత్రువు మీదికి గురిపెట్టి నూటికి పాచిక వేస్తే ఒకసారి అగ్నిగోళం, ఒకసారి వందల కొద్దీ పెద్ద పెద్ద సీతాకోకచిలుకలు. ఇంకోసారి ఏనుగు రావలసిన చోట ఎలుక. ఎదుటివాడి ఒళ్లంతా కొన్ని రోజులపాటు నీలంగా మారిపోవచ్చు. అన్నిటికంటే నాకిష్టమైనది మరొకటుంది: ఏమీ జరగదు, కానీ మంత్రదండం పట్టుకున్నవాడు మాత్రం ఏదో మహాద్భుతం జరిగిపోయిందని నమ్మి నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. అందరూ నవ్వుకుంటారు, మళ్లీ యుద్ధంలో పడతారు. ఆ దండాన్ని ఎవరూ నిషేధించలేదు. దాని దెబ్బ చాలావరకు ఆ పూటతో పోతుంది గనక. పేక దెబ్బ మర్నాడూ ఉంటుంది, వచ్చే వారమూ ఉంటుంది. అదే దాని విలువ అని నా అభిప్రాయం.

మా బల్ల దగ్గర జరిగినది ఒకటి చెబుతాను. 'వాటర్‌డీప్: డ్రాగన్ హైస్ట్' అనే కథలో ఆటగాళ్లకు ట్రోల్‌స్కల్ మేనర్ అని ఒక పాడుబడ్డ భవనం దక్కుతుంది. మావాళ్లు దాన్ని బాగుచేసి సత్రం తెరిచారు. దస్తావేజులు మాలో ఒకతని పాత్ర పేరు మీద ఉన్నాయి. పైకప్పు మరమ్మతు, వంటవాడి జీతం, సారా పీపాలు, అన్నీ అతనే నోటుబుక్కులో లెక్క రాసేవాడు. పేక దొరికినప్పుడు మా మాస్టరు ఇరవై రెండు ముక్కలూ చదివి వినిపించాడు. ఇతను విని, ఆలోచించి, "ఒకటి" అన్నాడు. ఇస్పేటు రాజు పడింది.

రూయిన్ అంటే మాయవస్తువులు తప్ప ఆస్తి సమస్తం పోతుంది. చేతిలో ఉన్న డబ్బు చేతిలోనే మాయం. వ్యాపారాలు, ఇళ్లు, భూములు, యథార్థాన్ని అతి తక్కువగా మార్చే దారిలో చేజారిపోతాయి. నాకు ఒళ్లు జలదరించిన వాక్యం ఆ తర్వాతది: ఆ ఆస్తి నీదని చూపించే కాగితాలు కూడా ఉండవు. పట్టాదారు పాసుబుక్కు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన తెలుగువాడికి ఈ భయం ఇంకొకరు వివరించాలా?

అతను కాసేపు ముక్కను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నోటుబుక్కు తెరిచి, సత్రం పేజీల మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇప్పుడు సత్రం ఎవరిది?" అని అడిగాడు. మాస్టరు కూడా కాసేపు ఆలోచించి, ఎదురు వీధి వ్యాపారి దగ్గర ఇంకా పాత పత్రం ఒకటి తేలిందన్నాడు. ఆ తర్వాత మేం ఆ కథలో అసలు వెతకవలసిన డ్రాగన్ బంగారం సంగతి దాదాపు మరిచిపోయి నెలల తరబడి ఆ సత్రం కోసమే కొట్లాడాం. దొంగ దస్తావేజులు పుట్టించాం, ఒక న్యాయాధికారికి విందు ఇచ్చాం, విందులో తగువులాడాం. ఎవరూ మాస్టరును నిందించలేదు. కారణం తేలికే. ఇస్పేటు రాజు పేకలో ఉందని అతనికి తెలుసు, తెలిసే చెయ్యి పెట్టాడు.

ఇదే ముక్కను మాస్టరు చూసీ చూడనట్టు మార్చి, "ఓ, డైమను జాకీ! నీ బలం రెండు పెరిగింది" అని ఉంటే? ఆ రోజుకు అందరూ సంతోషించేవారు. మాకు ఆ సత్రం కథ ఉండేది కాదు. పైగా ఇలాంటివి దాగవు. ఎన్నిసార్లు ముక్క తీసినా మీ బల్ల దగ్గర చెడు జరగదని మూడో ముక్కకల్లా ఆటగాళ్లకు అర్థమైపోతుంది. ఇక ఆ పేక వట్టి బహుమతుల సంచీ. మార్చాలనిపించే ముక్కలు ఉంటే పేక తెచ్చే ముందే తీసేయండి, తీసేశానని చెప్పండి. పదమూడు ముక్కల పేక ఉన్నదే అందుకు. టాలన్స్, డాన్జన్, ఇడియట్ అందులో లేవు.

చెడ్డ ముక్కలకంటే మంచి ముక్కలతోనే ఎక్కువ చిక్కు అని ఎవరూ చెప్పరు, అది కూడా రాసేస్తాను. సన్ పడితే 50,000 అనుభవ పాయింట్లు. ఐదో స్థాయిలో అడుగుపెట్టిన పాత్రకు 6,500 ఉంటాయి. ఒక్క ముక్కతో 56,500 అయి సరాసరి తొమ్మిదో స్థాయికి వెళ్లిపోతాడు. పక్కనున్న ముగ్గురూ ఐదులోనే ఉంటారు. ఇక ప్రతి యుద్ధంలోనూ అతనికి సరిపడే రాక్షసుడు మిగతావాళ్లను నమిలేస్తాడు, వాళ్లకు సరిపడేవాడు అతని ముందు దోమ. వాయిడ్ పడ్డ రాత్రి అందరూ కలిసి బాధపడతారు. సన్ పడ్డ రాత్రి ఒకడు గంతులేస్తాడు, ముగ్గురు మొహమాటంగా నవ్వుతారు. మీలో చాలామంది ఇప్పుడు పాయింట్లు లెక్కపెట్టడమే మానేసి, కథలో మైలురాయి దాటినప్పుడు అందరినీ కలిపి ఒక స్థాయి పెంచుతున్నారు. మరి సన్, జెస్టర్, ఫూల్, కామెట్ మీ ఆటలో ఏం చేస్తాయి? ఇది ముక్క పడ్డాక తల గోక్కుంటూ తేల్చే విషయం కాదు. ఆ జాబితా చదివేటప్పుడే చెప్పాలి.

ఇక వాయిడ్. అందరూ వణికేది దీనికే. ఆత్మ శరీరాన్ని వదిలి ఎక్కడో ఒక వస్తువులో చిక్కుకుంటుంది. ఆ చోటును బలవంతులెవరో కాపలా కాస్తుంటారు. ఇక్కడ శరీరం కదలదు. కోరిక తీర్చే విష్ మంత్రం కూడా ఆత్మను తేలేదు, ఎక్కడుందో మాత్రం చెబుతుంది. ఇది చదివినప్పుడు మీకు భయం వేసిందేమో, నాకు మాత్రం బాలనాగమ్మ కథ గుర్తొచ్చింది. మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో దూరాన చిలకలో ఉంటుంది. బాలనాగమ్మ కొడుకు ఆ చిలకను వెతుక్కుంటూ వెళ్తాడు. ఆ కథ వింటూ పెరిగినవాళ్లం మనం. మన దగ్గర ప్రాణం చిలకలో ఉండేది దుర్మార్గుడికి, చిలకను పట్టేది చంపడానికి. ఇక్కడ ప్రాణం మీ స్నేహితుడిది, పట్టేది బతికించడానికి. ఇంతకంటే మంచి కథ మీ నోటుబుక్కులో ఉందా? వాయిడ్ పడితే క్యాంపెయిన్ నాశనమైందని తెలుగు మాస్టరు అనడం నాకు నమ్మశక్యంగా లేదు.

అమెరికాలో ఈ ఆటను ప్రేక్షకుల కోసం ఆడే 'క్రిటికల్ రోల్' బృందం చేసింది చూడండి. వాళ్ల మొదటి క్యాంపెయిన్‌లో గ్రాగ్ అనే మొరటు వీరుడు ఈ పేకలో చెయ్యి పెట్టి ఆత్మను పోగొట్టుకున్నాడు. మాస్టర్ మ్యాథ్యూ మెర్సర్ ముక్కను వెనక్కి తీసుకోలేదు. ఆ ఆత్మను వెతకడమే కథగా 2019లో 'ద సెర్చ్ ఫర్ గ్రాగ్' అని ప్రత్యేకంగా ఒక ఆట ఆడించాడు. మరి గ్రాగ్‌ను ఆడే ట్రావిస్ విల్లింగ్‌హామ్ ఏం చేశాడు? మూల కూర్చుని చిప్స్ తినలేదు. బెర్‌ట్రాండ్ బెల్ అనే ముసలి సాహసికుడి వేషంలో అదే బల్ల దగ్గర కూర్చున్నాడు, తన పాత పాత్రను తానే వెతకడానికి.

నియమాల పుస్తకం మీద నా ఫిర్యాదు ఏదైనా ఉంటే ఇదొక్కటే. వాయిడ్ పడ్డ పాత్ర ఏమవుతుందో వివరంగా రాశారు. ఆ పాత్రను ఆడే మనిషి ఆ రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏం చేయాలో రాయలేదు. ఆ పని మీది. ప్రాణం పోయినంత పని అయినా పరవాలేదు, కుర్చీ పోకూడదు. పేక తెచ్చే రోజున రెండు మూడు పాత్రల కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి: దారిలో కలిసే వైద్యురాలు, ఏదైనా సత్రం కాపలావాడు, ఎవరైనా సరే. ముక్క పడ్డ పది నిమిషాల్లో ఆ ఆటగాడి చేతిలో మళ్లీ డైస్ ఉండాలి.

ఇంకొక్క మాట. తీసేది ఒకడే అయినా తగిలేది అందరికీ. డాన్జన్ పడితే మిగతావాళ్లు కథ ఆపి వెతకాలి. ఫ్లేమ్స్ పడితే ఒక పెద్ద రాక్షసుడు పగబడతాడు, వాడు దారిలో అడ్డొచ్చినవాళ్లను విడిచిపెట్టడు. స్కల్ పడితే మృత్యువే రూపం కట్టి వస్తుంది, సాయానికి వెళ్లినవాడికి వాడి మృత్యువు విడిగా వస్తుంది. అందుకని పేక పెట్టే ముందు ముక్క తీయనివాళ్లను కూడా అడగండి. ఒక్కరు వద్దన్నా సరే, ఆ పేకను ఏ రాజుగారి ఖజానాలోనో వదిలేయండి. ఆటగాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

ముక్కల జాబితా తెలుగులో లేదు, మావాళ్లకు ఇంగ్లీషులో చదివి చెబితే రుచి ఉండదు అని కొందరు అనవచ్చు. 2023 జనవరిలో ఈ ఆటను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ వదిలేసింది. ఈ పేక, దాని ఇరవై రెండు ముక్కలూ అందులో ఉన్నాయి. మూలం పేరు రాస్తే చాలు, తెలుగు చేసి పంచుకోవడానికి ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఆ పని మీలో ఎవరు ముందు చేస్తే వాళ్ల కాగితాన్ని మిగతావాళ్లు వాడుకోండి. చేసి మా బల్లకు కూడా ఒక ప్రతి పంపండి.

ఇట్లు,
కళావరు రాజు కోసం ఎదురుచూస్తున్న ఒక ఆటగాడు